దత్తతా, విరాళమా, డార్టింగా, కామెంటా: అడవి గుర్రాలకూ గాడిదలకూ మన వల్ల అయ్యేది ఏది?

పోయిన శీతాకాలం ఒక ఆదివారం రాత్రి మా పక్క వీధిలో ఉండే అమ్మాయి ఫోన్ చేసింది. పిల్లలతో ఓట్‌మన్ వెళ్లొచ్చారట. మా అరిజోనాలో రూట్ 66 మీద ఉన్న పాత బంగారు గనుల ఊరు అది. గనులు మూతబడ్డాక పనివాళ్లు గాడిదల్ని కొండల్లో వదిలేసి పోయారు. వాటి సంతతే ఇప్పుడు పొద్దున్నే కొండ దిగి ఊళ్లోకి వచ్చి, టూరిస్టులు పెట్టింది తిని, సాయంత్రానికి మళ్లీ కొండెక్కుతుంది. ఒక గాడిద పిల్ల నుదుటి మీద ‘నాకు ఏమీ పెట్టకండి’ అనే స్టిక్కర్ ఉందట. చిన్న పిల్లలకు ఆ తిండి గొంతులో అడ్డం పడుతుందని అక్కడివాళ్లు అలా అంటిస్తారు. దాన్ని చూసిన వీళ్ల ఏడేళ్ల బాబు, పాపం దానికి ఎవరూ ఏమీ పెట్టరేమోనని దారంతా ఏడ్చాడు.

“అక్కా, ప్రభుత్వమే గాడిదల్ని దత్తత ఇస్తుందట, 125 డాలర్లేనట. తెచ్చేసుకుందామా?” అని అడిగింది.

ఫీనిక్స్, రీనో, లాస్ వేగస్, డెన్వర్ వైపు ఉండే మనవాళ్లు చాలామంది ఇదే అడుగుతుంటారు. మనసులో జాలి ఉంది, నెలకు కొంత డబ్బు తీయగలరు, వారాంతాల్లో కాస్త తీరిక ఉంటుంది. దాన్ని ఎక్కడ పెడితే ఆ మూగజీవాలకు నిజంగా పనికొస్తుందన్నదే తెలియదు. ఆ రాత్రి ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ గుర్రం ఎవరి పాలనలో ఉందో చూడండి

అడవి గుర్రాలన్నిటికీ ఒకే చట్టం వర్తించదు. 1950లో నెవాడాలో వెల్మా జాన్‌స్టన్ అనే సెక్రటరీ ఆఫీసుకు వెళ్తుంటే ముందు పోతున్న ట్రక్కులోంచి రక్తం కారుతూ కనిపించింది. వెంట వెళ్లి చూస్తే లోపల కబేళాకు పోతున్న అడవి గుర్రాలు. అక్కడి నుంచి ఆమె పోరాటం మొదలైంది. మోటారు వాహనాలతో గుర్రాలను వేటాడటాన్నీ నీటి గుంటల్లో విషం కలపడాన్నీ నిషేధిస్తూ 1959లో ఒక చట్టం వచ్చింది. తర్వాత దేశమంతటి నుంచీ బడిపిల్లలు ఉత్తరాలు రాశారు. 1971లో కాంగ్రెస్ ఒక్క వ్యతిరేక ఓటూ లేకుండా పెద్ద చట్టం చేసింది. దాని ప్రకారం బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (ప్రభుత్వ భూములు చూసే సంస్థ, పొట్టిగా బీఎల్‌ఎం) భూముల్లోనూ ఫారెస్ట్ సర్వీస్ భూముల్లోనూ ఉన్న అడవి గుర్రాలనూ గాడిదలనూ పట్టుకోవడం, హింసించడం, చంపడం నేరం.

కానీ మా ఊరికి దగ్గర్లో సాల్ట్ నది ఒడ్డున తిరిగే గుర్రాలు ఈ చట్టం కిందికి రావు. 2015లో ఫారెస్ట్ సర్వీస్ వాటిని తొలగిస్తామని నోటీసు ఇస్తే జనం పెద్ద ఎత్తున గొడవ చేశారు. ఆ మరుసటి ఏడు అరిజోనా రాష్ట్రమే వాటి కోసం విడిగా చట్టం చేసింది. రీనో పక్కన, టెస్లా ఫ్యాక్టరీ ఉన్న కొండల్లో తిరిగే వర్జీనియా రేంజ్ గుర్రాలకూ 1971 చట్టం వర్తించదు. నెవాడా చట్టం దృష్టిలో అవి యజమాని లేని పశువులు, వాటి బాధ్యత రాష్ట్ర వ్యవసాయ శాఖది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు వాటి గురించి బీఎల్‌ఎంకు రాసినా ఉపయోగం ఉండదు. ఈ సంగతి తెలియక నేను మొదట్లో రెండు ఉత్తరాలు తప్పు అడ్రసుకు రాశాను.

అసలు చిక్కు బందెలదొడ్డిలో ఉంది

మన ఊళ్లలో చేలో పడ్డ పశువును తీసుకెళ్లి బందెలదొడ్డిలో కట్టేసేవాళ్లు. యజమాని వచ్చి జరిమానా కట్టి విడిపించుకునేవాడు. అమెరికాలో అలాంటి దొడ్లలో, కౌలుకు తీసుకున్న పచ్చిక బీళ్లలో 60,000 పైగా గుర్రాలూ గాడిదలూ ఉన్నాయి. వాటిని విడిపించడానికి వచ్చే యజమాని లేడు.

బీఎల్‌ఎం 10 రాష్ట్రాల్లో 177 ప్రాంతాలను వీటి కోసం నిర్ణయించింది. ఆ భూమి మొత్తం 25,500కు కాస్త ఎక్కువ జంతువులను మాత్రమే మోయగలదని ఆ సంస్థ లెక్క. 2024 మార్చి నాటికి బయట తిరుగుతున్నవి 73,520 అని అంచనా వేసింది. వదిలేస్తే మంద ఏటా 15 నుంచి 20 శాతం పెరుగుతుంది, అంటే నాలుగైదేళ్లలో రెట్టింపు. అందుకని హెలికాప్టర్లతో తరిమి పట్టుకుంటారు, దొడ్లలో పెడతారు, జీవితాంతం మేపుతారు. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్నట్టు, ఈ పథకానికి ఏటా ఇచ్చే డబ్బులో సుమారు మూడింట రెండు వంతులు ఆ మేపుకే పోతోంది. మిగిలిన దాంట్లోంచే కొండల్లో చేయాల్సిన పనులన్నీ జరగాలి.

ఆ పరిమితి సంఖ్య మీదే అసలు గొడవంతా. అదే భూముల్లో ఆవులు మేపుకునే రాంచర్లు గుర్రాలు ఎక్కువైపోయాయంటారు. గుర్రాల తరఫువాళ్లేమో ఆవుల మేతను తగ్గించకుండా గుర్రాల మీద పడతారేమిటని అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఒక ఆవునూ దూడనూ నెల రోజులు ప్రభుత్వ భూమిలో మేపడానికి చాలా ఏళ్లు 1.35 డాలర్లే తీసుకున్నారు. అలాగని నీళ్లెండిన ఏడాదిలో ఎముకలు తేలిన మందను చూసినవాళ్లెవరూ సంఖ్య ఎంత పెరిగినా ఫరవాలేదని అనలేరు. రెండూ నిజాలే. 2013లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నిపుణులు ఇంకో మాట కూడా చెప్పారు. కొన్నిటిని పట్టుకుపోతే మిగిలినవాటికి మేత పెరుగుతుంది, దాంతో అవి ఇంకా వేగంగా ఈనే అవకాశం ఉంటుంది. కాబట్టి పట్టుకుపోవడం కంటే పుట్టుకలు తగ్గించడం మీద దృష్టి పెట్టమన్నారు.

నేను ఏ దారినైనా ఒకే ప్రశ్నతో తూస్తాను: దీనివల్ల దొడ్లోకి వెళ్లే గుర్రాలు తగ్గుతాయా, లేదా?

దత్తత: మంచి పనే, అందరిదీ కాదు

మచ్చిక కాని గుర్రానికైనా గాడిదకైనా రుసుము 125 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఆన్‌లైన్ వేలం కూడా ఉంటుంది. ఒక్కో జంతువుకు కనీసం 20 అడుగులకు 20 అడుగుల దొడ్డి ఉండాలి. ఎదిగిన అడవి గుర్రమైతే కంచె ఆరు అడుగులు, గాడిదకైతే నాలుగున్నర అడుగులు. ముళ్లతీగ పనికిరాదు. నీడ ఉండాలి. తీసుకెళ్లే ట్రెయిలర్ ఎలా ఉండాలో దానికీ నిబంధనలున్నాయి. మొదటి ఏడాది అది ప్రభుత్వ ఆస్తే. ఏడాది బాగా చూసుకున్నారని వెటర్నరీ డాక్టర్ లాంటి అర్హులు సంతకం పెడితేనే మీ పేరు మీదికి మారుతుంది. ఒకరి దగ్గర పేరు మారనివి నాలుగుకు మించి ఉండకూడదు.

మెడకు ఎడమ పక్కన జూలు పైకెత్తి చూస్తే తెల్ల వెంట్రుకలతో కోణాల్లాంటి గుర్తుల వరుస ఉంటుంది. బాగా చల్లబరిచిన లోహపు అచ్చుతో వేస్తారు. ఆ చోట రంగు పోయి వెంట్రుక తెల్లగా మొలుస్తుంది. అది పుట్టిన ఏడాదీ దాని నంబరూ ఆ గుర్తుల్లో ఉంటాయి. మొదటిసారి ఒక బూడిదరంగు ఆడగుర్రం మెడ మీద ఆ గుర్తుల్ని వేలితో తడిమినప్పుడు, నిన్నటిదాకా కొండల్లో తిరిగిన జీవి ఇప్పుడొక ఫైలు నంబరైందని నా కళ్లు చెమర్చాయి.

ఇంతకీ 125 డాలర్లు ఖర్చు కాదు, గేటు టికెట్టు. గుర్రం రోజుకు 15 నుంచి 20 పౌన్ల ఎండుగడ్డి తింటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు చెక్కించాలి. పళ్లు చూపించాలి, టీకాలు వేయించాలి. మచ్చిక చేసే ట్రైనర్‌కు నెలనెలా ఇవ్వాలి. ఇదంతా 25, 30 ఏళ్లు. మనిషిని తాకనివ్వని జంతువుకు కళ్లెం వేయడానికే వారాలు పట్టవచ్చు. గుర్రాలతో అలవాటు లేనివాళ్లు మచ్చిక కాని దాన్ని తీసుకోవద్దని నా గట్టి సలహా. తీసుకోవాలనే ఉంటే మచ్చికైనదాన్ని చూడండి. అరిజోనాలో ఫ్లోరెన్స్, నెవాడాలో కార్సన్ సిటీ జైళ్లలో ఖైదీలు మచ్చిక చేసిన గుర్రాలు దత్తతకు వెళ్లాయి. కొన్ని బోర్డర్ పెట్రోల్‌లో పనిచేశాయి కూడా.

గాడిద సంగతి వేరు. భయపడితే గుర్రం పరుగెత్తుతుంది, గాడిద నిలబడిపోయి ఆలోచిస్తుంది. దాన్నే మనం మొండితనం అంటాం. ఓపికగా దగ్గరయితే త్వరగా నమ్ముతుంది. కానీ ఒంటరిగా ఉంచితే దిగులుతో కుంగిపోతుంది, కాబట్టి జోడుగానే తేవాలి. పచ్చటి మెత్తటి మేత పెడితే ఒళ్లు చేసి డెక్కలకు జబ్బు తెచ్చుకుంటుంది. ఎడారి జంతువు కదా, దానికి పోషకాలు తక్కువున్న మోటు గడ్డే మంచిది. బాగా చూసుకుంటే 30 ఏళ్లు దాటి బతుకుతుంది. ఇప్పుడు ఏడేళ్ల పిల్లవాడు 37 ఏళ్ల వాడయ్యేదాకా!

ఇక దొడ్లు ఖాళీ చేయాలన్న తొందరలో ఏం జరిగిందో కూడా తెలుసుకోండి. 2019లో దత్తత తీసుకున్నవారికి 1,000 డాలర్లు ఇచ్చే పథకం పెట్టారు. డబ్బు కోసం తీసుకుని, పేరు మారగానే కబేళా వ్యాపారులు వచ్చే సంతల్లో అమ్మేసినవాళ్లు ఉన్నారని 2021లో పత్రికల్లో బయటపడింది. 2025లో ఫెడరల్ కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. అమెరికాలో గుర్రాల కబేళాలు 2007 నుంచి లేవు, కానీ మెక్సికో, కెనడాలకు లారీలు వెళుతూనే ఉన్నాయి. కాబట్టి దత్తత తీసుకుంటే దాని చివరి రోజు దాకా మీదే బాధ్యత అనుకునే తీసుకోండి.

ఎకరం రెండెకరాల స్థలం, పశువులతో అలవాటు, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే కుటుంబమైతే రెండు గాడిదల్ని తెచ్చుకోండని సంతోషంగా చెబుతాను. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలున్న కాలనీలో ఉంటూ వేసవికి ఇండియా వెళ్లొచ్చేవాళ్లకు మాత్రం ఇది తగదు.

విరాళం: ఎవరికి అన్నదే ముఖ్యం

శాంక్చువరీలకు, అంటే జంతువులకు ఆశ్రయమిచ్చి సాకే చోట్లకు, ఇచ్చే డబ్బు అప్పటికే పట్టుబడ్డ గుర్రాలను బతికిస్తుంది. కాలిఫోర్నియాలో రిటర్న్ టు ఫ్రీడమ్, సౌత్ డకోటాలో బ్లాక్ హిల్స్ శాంక్చువరీ లాంటివి ఏళ్లుగా మందలను కుటుంబాలుగా కలిపి ఉంచుతున్నాయి. గుర్రాలకు కుటుంబం ప్రాణం. రౌండప్‌లో, అంటే తరిమి పట్టుకునేటప్పుడు, మొదట తెగేది ఆ బంధమే.

ఇచ్చే ముందు ఆ సంస్థ ఏటా పన్ను శాఖకు ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990, తీసి చదవండి, అది అందరికీ అందుబాటులో ఉంటుంది. గ్లోబల్ ఫెడరేషన్ ఆఫ్ యానిమల్ శాంక్చువరీస్ గుర్తింపు ఉందా, భూమి సొంతమా కౌలా, తమ దగ్గర కొత్త పిల్లలు పుట్టకుండా చూస్తున్నారా అని అడగండి. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ అయితే మీ కంపెనీ మ్యాచింగ్ (మీ విరాళానికి తోడుగా కంపెనీ కూడా ఇవ్వడం) వాడుకోండి. మనలో చాలామందికి ఆ సౌకర్యం ఉంది, కానీ ఏడాది చివర దాకా గుర్తు రాదు.

‘శుక్రవారం లోపు డబ్బు కట్టకపోతే ఈ గుర్రం మెక్సికో లారీ ఎక్కుతుంది’ అనే పోస్టులకు మాత్రం దూరంగా ఉండండి. నేనూ ఒకసారి కన్నీళ్లు పెట్టుకుని 200 డాలర్లు పంపాను. రెండు నెలల తర్వాత అదే ఫొటో, అదే శుక్రవారం. ఒకవేళ కథ నిజమే అయినా, మీరిచ్చే ఎక్కువ ధరతో ఆ వ్యాపారి ఇంకో రెండు కొంటాడు.

డార్టింగ్: నా డబ్బూ సమయమూ ఎక్కువగా ఇటే

పీజెడ్‌పీ అనేది గర్భం రాకుండా ఆడగుర్రానికి వేసే టీకా. పంది అండాశయాల నుంచి తీస్తారు. హార్మోను కాదు కాబట్టి మంద ప్రవర్తన పెద్దగా మారదు. తుపాకీతో బాణం లాంటి చిన్న సిరంజిని పిరుదుకు కొడతారు, అదే డార్టింగ్. మందు ఎక్కగానే అది ఊడి కింద పడుతుంది. గుర్రం నాలుగడుగులు దూకి, మళ్లీ తల వంచి మేస్తుంది. మొదట రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. గోనాకాన్ అని ఇంకొకటి ఉంది. అది కొన్నేళ్లు పనిచేస్తుంది కానీ హార్మోన్ల వ్యవస్థ మీదే పనిచేస్తుంది కాబట్టి దాని మీద అభ్యంతరాలు ఎక్కువ.

ఇది కొత్త ప్రయోగం కాదు. మేరీల్యాండ్‌లో అసటీగ్ దీవి గుర్రాల మీద 1988లోనే మొదలుపెట్టారు. అక్కడ హెలికాప్టర్ అవసరమే రాలేదు. కొలరాడోలో స్ప్రింగ్ క్రీక్ బేసిన్, లిటిల్ బుక్ క్లిఫ్స్, మోంటానా సరిహద్దులో ప్రయర్ పర్వతాలు, మా సాల్ట్ నది, రీనో పక్కన వర్జీనియా రేంజ్, ఇవన్నీ డార్టింగ్ నడిచిన చోట్లే. డార్ట్ కొట్టడానికి శిక్షణ కావాలి. మోంటానాలో బిల్లింగ్స్‌లోని సైన్స్ అండ్ కన్జర్వేషన్ సెంటర్ ఆ టీకా తయారు చేసి శిక్షణ కూడా ఇస్తుంది. కానీ తుపాకీ పట్టని పని చాలా ఉంది. ఏ గుర్రానికి ఎప్పుడు డోసు పడిందో తెలియాలంటే ఒక్కోదాన్నీ ముఖం చూసి గుర్తుపట్టాలి. నుదుటి చుక్క, కాలి తెలుపు, జూలు ఎటు పడుతుంది, పక్కన ఎవరుంటారు, అన్నీ ఫొటోలతో రాసిపెట్టాలి. ఇది కెమెరా, ఓపిక ఉన్న ఎవరైనా నేర్చుకోగలిగిన పని.

దీని పరిమితి కూడా చెప్పాలి. గుర్రానికి 40, 50 గజాల దూరంలోకి వెళ్లగలిగితేనే డార్ట్ పడుతుంది. మనిషిని చూసి మైళ్లు పరుగెత్తే నెవాడా పెద్ద బయళ్ల మందలకు ఇది కుదరదు. అక్కడ మేతో నీళ్లో ఎరగా పెట్టి పట్టుకుని, టీకా వేసి మళ్లీ వదలాలి. సంఖ్య తగ్గడానికీ ఏళ్లు పడుతుంది. ఈ ఏడాదే ఫలితం కావాలనేవాళ్లకు విసుగొస్తుంది. అయినా నా ప్రశ్నకు ‘అవును, దొడ్లోకి వెళ్లేవి తగ్గుతాయి’ అని సూటిగా జవాబిచ్చే దారి ఇదొక్కటే.

కామెంట్, ఉత్తరం: పైసా ఖర్చు లేదు

ఒక ప్రాంతంలో రౌండప్ చేయాలంటే బీఎల్‌ఎం సాధారణంగా ముందు పత్రం పెట్టి జనం అభిప్రాయం అడుగుతుంది. చాలాసార్లు 30 రోజుల గడువు ఉంటుంది. ఓటు హక్కు లేకపోయినా, హెచ్1బీ మీద ఉన్నా, ఎవరైనా రాయవచ్చు. అయితే ఎవరో తయారుచేసిన ఉత్తరాన్నే వేలమంది పంపితే దాన్ని ఒకే కామెంట్ కింద లెక్కేస్తారు. మీ సొంత మాటల్లో, ఆ పత్రంలోని అంశం మీదే రాయండి: ‘పట్టుకున్న ఆడగుర్రాల్లో ఎన్నిటికి టీకా వేసి వదులుతారు? అదే ప్రాంతంలో ఆవుల మేత ఈ కరువులో ఎంత తగ్గించారు?’ అంశం మీద అడిగిన ప్రశ్నను వాళ్లు పక్కన పెట్టేయలేరు. మీ పేరూ అడ్రసూ బహిరంగ రికార్డులోకి వెళ్లవచ్చని మాత్రం గుర్తుంచుకోండి.

మీ నియోజకవర్గ కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుకూ ఫోన్ చేయండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రాలను చంపకుండా, కబేళాకు అమ్మకుండా ఆపుతున్నది ఏటా బడ్జెట్ చట్టంలో రాసే ఒక నిబంధన. అంటే ప్రతి ఏడూ అది మళ్లీ ఉండేలా చూసుకోవాలి. టీకాలకు డబ్బు పెంచమనీ ఆ ఫోన్‌లోనే అడగవచ్చు.

చూడ్డానికి వెళ్తే

కనీసం వంద అడుగుల దూరం. తిండి పెట్టొద్దు, క్యారెట్ ముక్క కూడా. లాస్ వేగస్ దగ్గర రెడ్ రాక్ రోడ్డు పక్కన తిండికి అలవాటు పడ్డ గాడిదలు కార్ల కింద పడి చనిపోతున్నాయి. వాటికి మన తిండి అక్కర్లేదు. ఎడారి ఇసుకలో నీళ్లు తగిలేదాకా గుంట తవ్వుకోవడం వాటికి తెలుసు. ఆ గుంటల దగ్గరికి 57 రకాల జంతువులూ పక్షులూ వస్తున్నాయని 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది.

ఇంతకీ ఎవరికి ఏది?

అపార్ట్‌మెంట్‌లో ఉండే కొత్త జంటైతే నెలకు 20 డాలర్లు డార్టింగ్ చేసే సంస్థకు పెట్టి, కంపెనీ మ్యాచింగ్ వేయించి, ఏడాదికి రెండు కామెంట్లు రాయండి. వారాంతాలు ఖాళీగా ఉండి గుర్రాల దగ్గర్లో ఉంటే డబ్బు కన్నా మీ కాళ్లూ కెమెరా ఎక్కువ పనికొస్తాయి, వాలంటీర్‌గా వెళ్లండి. రిటైరై ఇక్కడికొచ్చిన అమ్మానాన్నలకు దగ్గర్లోని శాంక్చువరీలో ఒక పూట పని చేయడం ఎంతో ఊరట. నేలా పశువులూ తెలిసినవాళ్లు కదా. ఇండియాలో ఉండి చదువుతున్నవారు ఊరికే బాధపడి వదిలేయకుండా మన ఊళ్ల గాడిదల వైపు చూడండి. ఆంధ్రాలో కొన్ని జిల్లాల్లో వాటిని ఇంకా దొంగచాటుగా మాంసానికి కోస్తున్నారు, 2019 పశుగణనలో దేశం మొత్తం మీద మిగిలినవి లక్షా ఇరవై వేలే.

ఆ అమ్మాయికి గాడిద వద్దని చెప్పాను. బదులుగా తర్వాతి శనివారం తెల్లవారుజామున పిల్లల్ని తీసుకుని సాల్ట్ నది ఒడ్డున కూన్ బ్లఫ్ దగ్గరికి రమ్మన్నాను. నది మీద ఇంకా పొగమంచు ఉంది. ఏడు గుర్రాలు నడుం లోతు నీళ్లలో నిలబడి, కళ్లు మునిగేదాకా తల ముంచి, నీటి అడుగున పెరిగే గడ్డిని నోటినిండా పీక్కుని పైకి లేచేవి. పచ్చటి తీగల నుంచి నీళ్లు ధారగా కారేవి. బాబు గట్టు మీద కూర్చుని ఒక నోటు పుస్తకంలో బొమ్మ వేసుకున్నాడు: ఎర్రది, నుదుటి మీద వంకర చుక్క, ముందు ఎడమ కాలు తెలుపు. మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు అవతలి ఒడ్డున ఉన్న మందలోంచి దాన్ని నాకన్నా ముందు వాడే గుర్తుపట్టాడు.